ప్లాస్టిక్ పిడికీ పాలిష్ కావాలి, అయితే కాస్తే

మడత చాకు పిడి మీద గీతలు పడ్డాయని ఎవరితోనైనా అంటే వినిపించే సలహాలు రెండే. "ప్లాస్టిక్కే కదా, దానికేం పాలిష్, వదిలెయ్" అనేది మొదటిది. "పిడికి రెండు పక్కలా ఉండే రేకులు విడిగా దొరుకుతాయి, కొత్తవి వేసెయ్" అనేది రెండోది. ఒకరు పట్టించుకోవద్దంటారు, ఇంకొకరు పారేయమంటారు. ఉన్నదాన్నే బాగుచేసుకో అనే మాట మాత్రం చాలా అరుదుగా వింటాను. నేను ఆ మాట వైపు నిలబడి ఇది రాస్తున్నాను.

ఇత్తడి బిందె నల్లబడితే పండగ ముందు చింతపండు పెట్టి తోముతాం. మెరుపొచ్చేదాకా తోమడం ఇంట్లో అందరికీ తెలిసిన పనే, ఎందుకు తోముతున్నావని ఎవరూ అడగరు. అదే ప్లాస్టిక్ వస్తువు కళ తప్పితే దాని ఆయుష్షు అంతేననుకుంటాం. ఈ చులకనకి కారణం లేకపోలేదు. మన చేతిలోకి వచ్చే ప్లాస్టిక్ చాలావరకు వాడి పారేసేదే: పెరుగు డబ్బా, పార్సిల్ డబ్బా, షాంపూ సీసా. అవి గీసుకుపోతే నేనూ బాధపడను. కానీ ఏళ్ల తరబడి జేబులో ఉండడానికి, రోజూ చేత్తో పట్టుకోవడానికి చేసిన ప్లాస్టిక్కుని కూడా ఆ గాటనే కట్టెయ్యడం సరికాదు.

నా దగ్గరున్న చాకు విక్టోరినాక్స్ వాళ్లది, 91 మిల్లీమీటర్ల ఎర్ర పిడిది. మా నాన్న బర్మా బజార్లో కొన్నారు. బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్ల బతుకుతెరువు కోసం 1969లో బీచ్ స్టేషన్ దగ్గర వెలిసిన ఆ దుకాణాల వరస ఒకప్పుడు చెన్నైలో ఫారిన్ సరుకుకి చిరునామా. స్విట్జర్లాండులోని ఇబాక్‌లో కార్ల్ ఎల్సెనర్ 1884లో పెట్టిన చిన్న కత్తుల కార్ఖానాయే ఇవాళ్టి విక్టోరినాక్స్. 1891లో సైనికుల కోసం ఇచ్చిన మొదటి చాకుకి చెక్క పిడి. స్విస్ ఆర్మీ నైఫ్‌గా అందరికీ తెలిసిన ఆఫీసర్ల చాకు 1897 నాటిది. ఇప్పుడు మనం చూసే నున్నటి ఎర్ర పిడికి వాడే ప్లాస్టిక్కుని సెల్లిడోర్ అంటారు. రసాయనంగా అది సెల్యులోజ్ ఎసిటేట్ బ్యుటిరేట్. సెల్యులోజ్ అంటే చెక్కలోనూ పత్తిలోనూ ఉండేదే. కళ్లద్దాల ఎసిటేట్ ఫ్రేములు, స్క్రూడ్రైవర్లకుండే గాజులాంటి పారదర్శక పిడులు కూడా ఈ కుటుంబానివే. పాత పనిముట్ల పెట్టె తెరవగానే ఒక్కోసారి ముక్కిపోయిన నెయ్యి వాసన గుప్పుమంటుందే, అది ఈ పిడులలోంచి మెల్లగా బయటపడే బ్యుటిరిక్ ఆమ్లం వాసనే. పాడైన వెన్నలో ఉండేదీ అదే ఆమ్లం.

ఈ ప్లాస్టిక్కులో నాకు అన్నిటికంటే నచ్చే గుణం ఒకటుంది. దీని రంగు పైపూత కాదు. లోపలి దాకా ఒకటే ఎరుపు. కింద పడితే అంత తొందరగా పగలదు, తడికి చెక్కలా ఉబ్బదు. కానీ మెత్తన. తాళం చెవి తగిలినా గీత పడుతుంది. మెత్తన కాబట్టే గీత పడుతుంది, మెత్తన కాబట్టే ఆ గీతని చేత్తో తీసెయ్యొచ్చు కూడా. పూత వేసిన వస్తువు గీసుకుపోతే మళ్లీ పూత వేయాలి. ఇక్కడ ఆ అవసరమే లేదు. పైన పాడైన పొరని కొద్దిగా తీసేస్తే కింద అదే రంగు, అదే నునుపు ఎదురుచూస్తుంటాయి. బాగుచేసుకోవడానికి ఇంత అనువైన పదార్థాన్ని బాగుచేసుకోవడం దండగ అనడం నాకు మింగుడుపడదు.

ఇంకో వాదం ఉంది, దాన్ని నేను గౌరవిస్తాను. వాడిన వస్తువుకి గీతలే అందం, అవి దాని చరిత్ర, ఎందుకు చెరపాలి అంటారు కొందరు. చెక్క విషయంలో, ఇత్తడి విషయంలో ఒప్పుకుంటాను. ఇత్తడి మీద ఏళ్లు గడిచేకొద్దీ పట్టే పొర లోహం గాలితో కలిసి తయారైనది, దానికో నిండుదనం ఉంటుంది. చెక్క చేతి నూనెని పీల్చుకుని నిగనిగలాడుతుంది. ఈ ప్లాస్టిక్ అలా పండదు. దాని మీది సన్నగీతల్లో చెమట, మట్టి, జేబు నూగు చేరతాయి. ఎరుపు కాస్తా బూడిద పట్టిన ఎరుపవుతుంది. అందులో నాకు చరిత్ర కనిపించదు, మురికే కనిపిస్తుంది. అయితే ఆ వాదంలో ఒక సగం మాత్రం తీసుకుంటాను: అన్ని గీతలూ పోవాలనే పట్టుదల మంచిది కాదు. ఎందుకో చెప్పాలంటే గీత అంటే ఏమిటో చూడాలి.

నున్నటి పిడి మీద పడ్డ వెలుతురు ఒకే దిక్కుగా తిరిగి వస్తుంది, అందుకే మెరుపు. గీత అంచుల దగ్గర అది చెదిరిపోతుంది, అందుకే తెల్లటి చార. గీతని శాశ్వతంగా పూడ్చే పాలిష్ ఏదీ లేదు. ఉన్నది ఒకటే దారి, చుట్టూ ఉన్న ప్లాస్టిక్కుని గీత అడుగు దాకా అరగదీయడం. అంటే పాలిష్ పట్టిన ప్రతిసారీ పిడి కొంచెం పల్చబడుతుంది. పెరంబూరులో మా వీధి చివర కళ్లద్దాల షాపు నడిపే నెల్లూరు పెద్దాయన ఫ్రేములకి తిరిగే చక్రం మీద మెరుగు పెడుతూ ఈ సంగతి నాకు ఒక్క ముక్కలో చెప్పారు: "రుద్దేకొద్దీ మెరుస్తుంది నాయనా, రుద్దేకొద్దీ తరుగుతుంది కూడా. ఫ్రేము పల్చబడి విరిగితే ఆ మెరుపేం చేసుకుంటావు?" చెమటకి తెల్లబారిన ఎసిటేట్ ఫ్రేములు ఆయన దగ్గరికి రోజూ వస్తాయి. ఆయన చక్రం మీద ఫ్రేముని ఆనించడం, తియ్యడం, వేలితో వేడి చూడడం, మళ్లీ ఆనించడం. ఒకేచోట ఎక్కువసేపు ఎప్పుడూ ఉంచరు. ఈ రకం ప్లాస్టిక్ వేడికి మెత్తబడుతుంది. చిన్న గ్రైండర్‌కి పాలిష్ చక్రం తగిలించి వేగంగా తిప్పితే పైపొర కరిగి సాగుతుంది, తర్వాత అది నారింజ తొక్కలా గరుకు గరుకుగా తేలుతుంది. ఆ పెద్దాయన చేతివాటం లేనివాళ్లకి యంత్రం వద్దని గట్టిగా చెబుతాను. చేత్తో చేస్తే ఒక సాయంత్రం పడుతుంది, పట్టనివ్వండి.

పని మొదలయ్యేది సబ్బు నీళ్లతో. గోరువెచ్చని నీళ్లలో పాత టూత్‌బ్రష్‌తో మెత్తగా కడిగితే, గీతలనుకున్నవాటిలో చాలా వట్టి మురికేనని తేలుతుంది. పిడి కన్నాల్లో దూర్చి ఉండే పళ్లపుల్ల, చిన్న పట్టకారు ముందే తీసి పక్కన పెట్టాలి, లేకపోతే ఆ కన్నాల్లో మడ్డి చేరి గట్టిపడుతుంది. ఆరాక ట్యూబ్‌లైట్ కింద పిడిని అటూ ఇటూ వంచి చూడండి. అన్ని దిక్కులకీ సాలెగూడులా కనబడే సన్నగీతలు ఒక రకం. వాటి మీద గోరు ఆడిస్తే ఎక్కడా తట్టుకోదు. గోరు టక్కున ఆగే లోతు గీతలు రెండో రకం. మొదటి రకానికి ఉప్పు కాగితం అసలు వద్దు. కార్ల పెయింటుకి మెరుగు పెట్టడానికి వాడే ముద్ద, సన్నపాటి రబ్బింగ్ కాంపౌండు చాలు. పుదుపేటలోనో జనరల్ ప్యాటర్స్ రోడ్డులోనో కార్ల సామాను అమ్మే ఏ షాపులోనైనా దొరుకుతుంది. బఠాణీ గింజంత కాంపౌండు, పాత పంచె ముక్క, చిన్న చిన్న చుట్లు. గుడ్డకి ఎర్రటి మరక అంటుతుంది. కంగారు పడక్కర్లేదు, కదిలింది సన్నపాటి పైపొరే. ఇంట్లో ఇత్తడికి వాడే బ్రాసో కూడా ఈ పని చేస్తుంది. కాకపోతే అందులో అమోనియా ఉంటుంది, కిటికీ తెరిచి రుద్దాలి, తర్వాత బాగా కడిగెయ్యాలి.

లోతు గీతలకే వాటర్ పేపర్, అంటే తడిపి వాడే ఉప్పు కాగితం. పెయింటు షాపుల్లో షీటు లెక్కన ఇస్తారు. నంబరు తగ్గేకొద్దీ కాగితం గరుకు; 1000 నంబరు కంటే గరుకుది ఈ పిడికి తాకించకూడదన్నది నా అభిప్రాయం, చాలామంది 600తో మొదలుపెట్టమన్నా సరే. 600 పెట్టే గీతలు తీయడానికే మళ్లీ సగం పని అవుతుంది, ఆ మేరకు పిడి తరుగుతుంది. 1000 నంబరు కాగితాన్ని కాసేపు నీళ్లలో నానబెట్టి, చిన్న రబ్బరు ముక్కకి చుట్టి, పిడి పొడవునా ఒకే దిక్కుగా రుద్దాలి. కాసేపట్లో కాగితం కింద గులాబీ రంగు నీళ్లు ఊరతాయి. మెరుపంతా పోయి పిడి సుద్దముక్కలా మసకబారుతుంది. ఈ దశలో చాలామంది గుండె జారుతుంది, కానీ అది అలాగే కావాలి. తుడిచి, వెలుతురులో చూసి, ఇప్పుడు 1500తో అడ్డంగా రుద్దండి. దిక్కు మార్చడంలోనే కిటుకంతా ఉంది. నిలువు గీతలు పూర్తిగా మాయమై అడ్డగీతలే మిగిలాయంటే 1000 కాగితం పెట్టినవి పోయినట్టు లెక్క. అప్పుడు 2000తో మళ్లీ నిలువుగా. చివర కాంపౌండు. నీళ్లు మధ్య మధ్య మార్చాలి. ముందు కాగితం నుంచి రాలిన ఒక్క రేణువు తర్వాతి కాగితం కింద చేరిందంటే కొత్త గీత గీసిపోతుంది.

పిడి మీద సిలువ గుర్తు ఉన్నచోట చిన్న టేపు ముక్క అంటించండి. నున్నటి ఎర్ర పిడుల్లో అది ప్లాస్టిక్కులోకి పొదిగిన లోహం. కాగితం తగిలితే దాని మెరుపు పోతుంది, దాన్ని మాత్రం తిరిగి తేవడం కష్టం. అంచుల దగ్గరా చెయ్యి తేలిగ్గా పెట్టాలి. మధ్యలో సమానంగా రుద్దుతున్నామనుకుంటూనే అంచుల్ని గుండ్రంగా అరగదీసేస్తాం.

గోరు తట్టుకునే లోతు గీత ఒకటి ఇంత చేసినా మిగిలిందనుకోండి. వదిలెయ్యండి. దాని అంచుల పదును పోయి చేతికి గుచ్చుకోకుండా ఉంటే చాలు. దాని అడుగు దాకా వెళ్లాలంటే పిడి మొత్తాన్ని ఆ లోతుకి దించాలి, లేదా అక్కడొక్క చోటే గుంట పెట్టాలి. గీత కంటే గుంట అసహ్యంగా ఉంటుంది. నా చాకు మీద స్క్రూడ్రైవర్ జారినప్పుడు పడ్డ గీత ఇప్పటికీ ఉంది. చుట్టూ ఎరుపు మెరుస్తుంటే ఆ ఒక్క గీత నన్నేమీ ఇబ్బంది పెట్టదు.

టూత్‌పేస్టు సంగతి చాలామంది అడుగుతారు. పనిచేస్తుంది. పళ్లు తోమే పేస్టులో సన్నటి రాపిడి పొడి ఉంటుంది కాబట్టి సన్నగీతలు తగ్గుతాయి. కాకపోతే ఏ పేస్టులో ఎంత గరుకు పొడి ఉందో మనకి తెలియదు. ఏం చేతిలో లేనప్పుడు తెల్ల పేస్టు సరే, కాంపౌండు దొరుకుతున్నప్పుడు దానితో పనేముంది?

పూతల దగ్గర మాత్రం నేను రాజీ పడను. గీతల మీద పారదర్శకమైన నెయిల్ పాలిష్ పూసెయ్యమనే సలహా వింటుంటాను. గీత నిండి మెరుస్తుంది కూడా, కొన్నాళ్లు. నెయిల్ పాలిష్‌లో ఉండే ద్రావకాలు సెల్లిడోర్‌ని కరిగించే జాతివి. పూత ఆరేలోపే కింద ప్లాస్టిక్కుని కాస్త మెత్తబరుస్తాయి. తర్వాత పూత పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది, దాన్ని తీయడానికి రిమూవర్ పట్టుకొస్తే అందులో సాధారణంగా ఉండేది అసిటోన్. అసిటోన్ తగిలిందంటే ఈ పిడి జిగురవుతుంది, వేలిముద్ర అందులోనే అచ్చుపడిపోతుంది. పెయింటు థిన్నర్ కూడా అంతే. డీట్ అనే రసాయనం ఉన్న దోమల మందు చేతికి రాసుకుని వెంటనే చాకు పట్టుకోవడమూ మంచిది కాదు, అది ఎసిటేట్ రకం ప్లాస్టిక్కులని దెబ్బతీస్తుంది. దోమలకీ చాకులకీ ఒకే సాయంత్రం పని పడే ఊరు మనది, ఈ మాట గుర్తుంచుకోవడం మేలు. అసిటోన్‌లో పాత పిడి ముక్కలు కరిగించి ఆ ముద్దతో లోతు గీతలు పూడ్చే పద్ధతి కూడా ఉంది. అది ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది, చుట్టూ ఉన్న చోటునీ మెత్తబరుస్తుంది. విరిగిన మూలని పూడ్చడానికైతే అది పనికి రావచ్చు. గీత కోసం అంత ప్రమాదం కొనితెచ్చుకోవడం అనవసరం.

మరి కొత్త పిడి రేకులు? పగులు వచ్చినా, వదులై ఊగుతున్నా, మూల ఊడిపోయినా మార్చండి, అప్పుడు అదే సరైన పని. వట్టి గీతల కోసం మాత్రం వద్దు. ఈ రేకులు లోపలి పిన్నుల తలల మీద నొక్కి బిగించి ఉంటాయి. ఊడదీసేటప్పుడు పాతది చాలాసార్లు విరుగుతుంది, అంటే వెనక్కి వెళ్లే దారి ఉండదు. కంపెనీ జీవితకాలపు హామీ కూడా పదార్థంలో, తయారీలో ఉన్న లోపాలకే. వాడుకలో పడ్డ గీతలు అందులోకి రావు, రావాలని ఆశించడమూ న్యాయం కాదు. అన్నిటికంటే ముఖ్యం, జేబు అలవాటు మారకుండా పిడి మారిస్తే కొత్త పిడి కూడా పాతదాని దారే పడుతుంది.

పిడిని నిజంగా కాపాడేది జేబు అలవాటే. చాకుని తాళాలతో, చిల్లరతో ఒకే జేబులో వేసుకోకండి. మన రూపాయి, రెండు రూపాయల నాణేలు స్టెయిన్‌లెస్ స్టీలువి, పిడికంటే ఎన్నో రెట్లు గట్టివి. అంతకంటే పెద్ద శత్రువు ఇసుక. బెసెంట్ నగర్ బీచ్‌లో కూర్చుని లేచాక జేబు అడుగున చేరే ఇసుకలో ఉండేది క్వార్ట్జ్. గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా చెప్పే మోస్ కొలతలో దానిది 7. చాకు అలుగు స్టీలే దానికి లొంగుతుంది, ఇక ప్లాస్టిక్ సంగతి చెప్పేదేముంది? వారానికోసారి జేబు బయటికి తిప్పి దులపడం అన్ని పాలిష్‌ల కంటే ఎక్కువ మేలు చేస్తుంది. ఖర్చూ లేదు.

అందరూ తోలు సంచి కొనమంటారు. చల్లని, పొడి ఊళ్లలో అది మంచి సలహానే కావచ్చు. చెన్నైలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, ఏడాది పొడవునా ఉక్కపోత. తోలు బూజు పడుతుంది, చెమ్మని పట్టి ఉంచుతుంది, స్ప్రింగుల మీద తుప్పు చుక్కలు లేస్తాయి. లోపల ఒకసారి ఇసుక ఇరుక్కుందంటే తోలు సంచీయే ఉప్పు కాగితంలా పనిచేస్తుంది. దాన్ని ఉతకలేం కూడా. నాకు నచ్చింది మెత్తటి కాటన్ గుడ్డ సంచి. మా టైలరు ప్యాంటు జేబు గుడ్డ మిగిలితే రెండు కుట్టి ఇచ్చాడు. ఒకటి మాస్తే ఉతికి ఆరేస్తాను, రెండోది వాడతాను. పల్చగా ఉంటుంది, జేబులో ఎత్తుగా కనబడదు.

పాలిష్ తర్వాత కార్లకి వాడే కార్నౌబా మైనం పల్చగా రాసి, ఆరాక తుడిస్తే మంచిదే. పిడి జారుడుగా ఉంటుంది కాబట్టి చిన్న రాపిడి గీత పడకుండా జారిపోతుంది. తాళం చెవి మొన దిగితే మైనం ఆపదు. చెమటకి, సబ్బుకి కొన్ని వారాల్లో పోతుంది, మళ్లీ రాయాలి. ఇది పిడిని తరగనివ్వకుండా చేసే పని కాబట్టి ఎన్నిసార్లు చేసినా నష్టం లేదు. కాగితం పని మాత్రం ఏళ్లకోసారి చాలు. ఇంకొక జాగ్రత్త: మే నెలలో వచ్చే అగ్నినక్షత్రం రోజుల్లో, ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు మీద చాకు వదిలి వెళ్లకండి. ఆ వేడికి పిడి వంకర తిరిగితే ఏ కాగితమూ సరిచేయలేదు.

ఇదంతా నున్నటి సెల్లిడోర్ గురించి. అన్ని పిడులకీ ఇది వర్తించదు. మసకగా, కాస్త గరుకుగా ఉండే నైలాన్ పిడిని రుద్దితే మెరవదు, నూగు లేస్తుంది. దాన్ని కడిగి వదిలెయ్యడమే పద్ధతి. ఫుట్‌పాత్ మీద అమ్మే చవక చాకుల్లో కొన్నిటికి రంగు పైపూతే, కాగితం తగిలితే కింద బూడిద రంగు బయటపడుతుంది. కనబడని మూల ఒకసారి రుద్ది చూసి మొదలుపెట్టండి. జీ-10 పిడులు గాజునార, ఎపాక్సీ అనే గట్టి జిగురు కలిపి చేసినవి, వాటి ధూళి ఊపిరితిత్తులకి మంచిది కాదు, తడిపి తప్ప రుద్దకూడదు, మాస్కు పెట్టుకోవాలి. బాగా పాత చాకు దొరికి, పిడిని బొటనవేలితో గట్టిగా రుద్దితే కర్పూరం వాసన వచ్చిందంటే అది సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్. ఇట్టే అంటుకుంటుంది, దాని మీద యంత్రం వాడకండి. అది కుళ్లడం మొదలైతే వచ్చే ఆమ్లపు ఆవిరికి పక్కనున్న కత్తులూ తుప్పు పడతాయి, అలాంటిదాన్ని మిగతావాటితో కలిపి ఒకే పెట్టెలో పెట్టకూడదు.

నీలం, ఎరుపు గాజులా లోపలికి కనబడే పారదర్శక సెల్లిడోర్ పిడులు కూడా వస్తున్నాయి. వాటిలో పైనున్న గీతే కాదు, దాని నీడ కూడా లోపలి లోహం మీద పడి రెండుగా కనబడుతుంది. తొందరపడి గరుకు కాగితం పట్టాలనిపించేది కూడా వీటికే. వీటికి ముందు కాంపౌండుతోనే ప్రయత్నించండి. తప్పనిసరైతే 2000 నంబరు, అదీ బాగా నానబెట్టి, గీత ఉన్నచోట కొద్దిసేపే.